టీచరమ్మ గారి నాలుక

మొన్నామధ్య హైదరాబాదులో మా సహోద్యోగి ఒకాయన ప్రమోషన్ పార్టీ ఇచ్చాడు. బీరు అక్కడికక్కడే కాచి పోసే చోటు. ఎటు చూసినా రాగి గొట్టాలు, స్టీలు తొట్లు. వెయిటరు నా ముందు ఒక గ్లాసు పెట్టి పాఠం మొదలుపెట్టాడు. ఇది వడగట్టని బీరు, అందుకే మసగ్గా ఉంటుందట. ఇందులో చేదు కోసం, వాసన కోసం వేసే హాప్స్ అనే పువ్వు ఒకే ఒక్క రకానిదట. నాలుగు రకాలు కలిపితే ఏ పువ్వు ఏం చేసిందో తెలియదట. ఒక్కటే వేస్తే దాని గుణం దాచుకోవడానికి వీల్లేదట. గ్లాసు దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. బియ్యం కడిగిన నీళ్ళలో చిటికెడు పసుపు కలిపినట్టుంది. వాసనకి మామిడి టెంక, బత్తాయి తొక్క. ఒక గుక్క తాగాను.

"ఎలా ఉంది?" అన్నాడు పార్టీ ఇచ్చినాయన.

"తెలివుంది. తొందర ఎక్కువ," అన్నాను.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నా వంక వింతగా చూశారు. నేనూ ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు. ఏలూరులో నేను అద్దెకున్న ఇంటావిడది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. నా నోట్లోంచి ఇలా ఊడిపడుతుందని అనుకోలేదు.

ఆ వీధిలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు. అందరికీ టీచరమ్మ గారే. మిషను స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరయింది. మనిషి పొట్టి, నా భుజం దాకా కూడా రాదు. గంజి పెట్టిన తెల్లచీర, చేతిలో గొడుగు, ఎండ లేకపోయినా, వాన లేకపోయినా. అప్పట్లో నేను చేపల మేత కంపెనీకి రిప్రజెంటేటివ్‌ని. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు. ఇవాళ ముదినేపల్లి, రేపు తాడేపల్లిగూడెం, ఎల్లుండి కొల్లేటి గట్లు, ఇలా మోటారు సైకిలు మీద తిరిగేవాణ్ణి. పై వాటా అద్దెకివ్వమని అడగడానికి వెళితే, అడ్వాన్సు సంగతి ఎత్తకుండా ఒకటే ప్రశ్న వేసింది.

"మీరు పొద్దున్నే ఎటు వెళ్తారండీ?"

"చెరువుల మీదకండీ."

"దెందులూరు అవతలకి కూడానా?"

"వారంలో రెండు మూడుసార్లు వెళ్తానండీ."

"అయితే ఇల్లు మీదేనండీ," అంది.

ఎంత మంచావిడో అనుకున్నాను. ఆ మంచితనం వెనక ఉన్న పని వారం తిరక్కుండానే తెలిసింది. తడిగుడ్డ చుట్టిన మట్టికుండ ఒకటి నా చేతిలో పెట్టి, "దెందులూరు దాటాక కొల్లేరు వైపు దిగే గట్టు మీద సత్తియ్య అని ఉంటాడండీ. నా దగ్గర నాలుగో క్లాసు దాకా చదువుకున్నాడు. మా చెట్టుది పోయించుకు రండి. ఇంకో చెట్టుది పోస్తే నాకు తెలిసిపోతుందని చెప్పండి," అంది.

"చెట్టుది అంటే ఏమిటండీ?"

"కల్లండీ," అంది, పాలండీ అన్నంత మామూలుగా.

 ఆదివారం గుళ్ళో ముందు వరసలో కూర్చునే మనిషి. వీధి చివర సారా పాకెట్టు పట్టుకున్నవాడు కనబడితే గొడుగు ఎత్తి తరిమే మనిషి. ఆవిడకి కల్లు మోసే ఉద్యోగం నాకు పడింది. కుండ పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని హైవే మీద వస్తుంటే లోపల బుసబుసమని చప్పుడు, పక్కనుంచి వెళ్ళే లారీ క్లీనర్ల ఈలలు. పెళ్ళీడుకొచ్చిన వాణ్ణి, మా వాళ్ళెవరైనా చూస్తే నా గతేం కానని హడలిపోయేవాణ్ణి.

సంగతేమిటంటే, ఆవిడ కల్లు తాగదు. రొట్టె చేస్తుంది. పూర్వం మిషను దొరసానుల వంటింట్లో పిండి పొంగడానికి కల్లే పోసేవారట. ఆ పద్ధతి ఆవిడకి పట్టుబడింది. డిసెంబరు వచ్చిందంటే ఆ వీధికంతా, గుడికంతా ఆవిడ రొట్టే. మైదాలో నీళ్ళకి బదులు కల్లు పోసి కలిపి, తడిగుడ్డ కప్పి, అది పొంగేదాకా ఆ గదిలోకి ఎవర్నీ రానిచ్చేది కాదు. తర్వాత దిబ్బరొట్టెకి పెట్టినట్టు పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చేది. నేను బేకరీ రొట్టెలు చాలా తిన్నాను. ఆ రొట్టె ముందు అవన్నీ దూదే. విరిస్తే ముంజెల వాసన వచ్చేది. చివర్న ఒక పిసరు వగరు నాలిక మీద నిలిచేది. ఆ వగరు కోసమే ఆవిడ తాపత్రయం అంతా.

కల్లు రాగానే పెరట్లో పరీక్ష జరిగేది. ముందు కుండ చెవి దగ్గర పెట్టుకుని వినేది. "వినకుండా రుచి చూసేవాడికి సగమే తెలుస్తుందండీ" అనేది. తర్వాత తాటాకు దొప్పలో కొంచెం పోసి ఎండకి ఎత్తి పట్టేది. మసక అంతటా ఒకేలా ఉండాలి. అడుగున ముద్దగా దిగిపోయినా, పైన నీళ్ళలా తేరినా మొహం చిట్లించేది. ఆ తర్వాతే ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, పుక్కిట పట్టి ఉంచి, గోరింట చెట్టు మొదట్లో ఊసేసేది. అప్పుడు తీర్పు చెప్పేది. ఆ తీర్పులు కల్లు గురించి చెప్పినట్టు ఉండేవి కావు, ప్రోగ్రెస్ కార్డు మీద రాసినట్టు ఉండేవి.

"తెలివుంది. తొందర ఎక్కువ." అంటే ఎండకి ముందే పులిసిపోయిందని.

"పైకి చురుకు, లోపల బద్ధకం." నురగ బాగానే వస్తుంది గానీ పిండి పొంగదని.

"స్నేహాలు మంచివి కావు." ఇంకో చెట్టు కల్లు కలిసిందని.

బాగా కుదిరినప్పుడు, "పై క్లాసుకి పంపొచ్చు" అనేది. అంతకు మించిన మెప్పు ఆవిడ దగ్గర లేదు. నన్ను కూడా రుచి చూడమని కూర్చోబెట్టి నేర్పబోయింది కొన్నాళ్ళు. రెండు దొప్పలు ఇచ్చి తేడా చెప్పమంటే, "రెండూ బాగున్నాయండీ" అన్నాను. "మీ నాలిక ఇంకా రెండో క్లాసు దాటలేదండీ" అని వదిలేసింది.

అన్ని చెట్లవీ కలిపి పోస్తే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "పదిమంది కలిసి ఒక్క పేపరు రాస్తే దిద్దడం ఎలాగండీ? తప్పెవరిదో తెలీదు, ఒప్పెవరిదో తెలీదు," అంది. ఆ గట్టు మీద తాటిచెట్లన్నిటినీ ఎప్పుడో ఒకసారి పరీక్ష చేసి, కాయలు కాయని ఒక పోతుతాడిని ఎంచుకుంది. దాని గురించి ఆవిడ మాట ఎప్పుడూ ఒకటే. "నెమ్మది. కానీ చెప్పిన పని చేస్తుంది."

ఇలాంటి మనిషి మీద వీధిలో గుసగుసలు రాకుండా ఉంటాయా? టీచరమ్మ గారికి లోపల్లోపల అలవాటుందట అన్న మాట గుడి దాకా పాకింది. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, కాఫీ తాగి, తటపటాయిస్తూ, "అమ్మా, మీరు రోజూ కల్లు రుచి చూస్తారటగా," అన్నారు.

"చూస్తానండీ. మీరూ రోజూ పాపుల్ని చూస్తారు కదండీ. అంతమాత్రాన పాపం చేస్తారా?" అంది.

ఆయన కప్పు పక్కకి జరిపి, "పండక్కి మా ఇంటికి రెండు రొట్టెలు ఎక్కువ పంపించండమ్మా," అని లేచారు. మేడ మెట్ల మీద నిలబడి విన్న నాకు నవ్వాగలేదు.

ఆ చెట్టుకి గండం వచ్చింది నేను ఆ ఇంట్లో చేరిన మూడో డిసెంబరులో. మధ్యాహ్నం పూట సత్తియ్య ఏలూరు వచ్చి మెట్ల మీద కూలబడ్డాడు. యాభై దాటిన మనిషి, చెట్లెక్కి ఎక్కి గుండెల మీద చర్మం కాయలు కాసినవాడు, చిన్నపిల్లాడిలా కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"గట్టు మీద తాళ్ళన్నీ కొట్టించేత్తారంటండి, అమ్మగారండి. పొలాలన్నీ చెరువులు చేత్తన్నారండి. సెట్ల ఏళ్ళు గట్టుని తొలిచేత్తన్నాయంటండి. ఆకుల మీద కొంగలు కూకుని చేపపిల్లల్ని తినేత్తన్నాయంటండి."

ఆవిడ గొడుగు తీసుకుంది. నా వైపు తిరిగి, "పదండి," అంది.

చెరువుల ఆసామి నాకు తెలిసినవాడే, మా మేత కొనేవాడు. మర్యాదస్తుడు. గట్టు మీద నలుగురితో నిలబడి ఉన్నవాడు టీచరమ్మ గారిని చూడగానే కుర్చీ తెప్పించాడు. ఆవిడ కూర్చోలేదు. చెప్పాల్సింది చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"రొట్టెకి కల్లు కావాలంటే ఊళ్ళో బోలెడు చెట్లున్నాయి కదండీ, టీచరు గారూ. ఏ చెట్టుదైతే ఏముందండీ, కల్లు కల్లేనండీ."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"మీ చెరువులో బొచ్చే, శీలావతీ ఒకటేనాండీ?" అంది.

"అవి వేరు వేరు చేపలండీ."

"పోనీ ఈ చెరువు శీలావతీ, పక్క చెరువు శీలావతీ?"

ఆసామి నవ్వాడు. "తినేవాడికి తెలీదండీ. పెంచేవాడికి తెలుస్తుంది."

"నాకు తెలుస్తుందండీ," అంది ఆవిడ. అని తుమ్మింది. కొల్లేటి గాలి, చలికాలం, రెండు రోజులుగా ఆవిడకి రొంప పట్టి ఉంది. మళ్ళీ తుమ్మింది.

చుట్టూ ఉన్నవాళ్ళు చప్పుడు కాకుండా నవ్వుకున్నారు. ఆసామికి సరదా పుట్టింది. "సరేనండీ. రేపు పొద్దున్న సత్తియ్య చేత అయిదు చెట్ల కల్లు అయిదు కుండల్లో పెట్టిస్తాను. అందులో మీ చెట్టుది ఏదో చూపించండి. కుండ చూపిస్తే చెట్టు మీదే. తప్పితే మాత్రం రేపు సాయంత్రానికి గొడ్డలి పడుతుంది, మీరు బాధపడకూడదు."

"నిజం చెప్పేదెవరండీ?"

"సత్తియ్యే. మోకు పట్టుకుని చెప్తాడు."

దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. కల్లు గీసేవాళ్ళు మోకు చేత పట్టుకుని అబద్ధమాడరు. రోజూ ఆ తాడు మీద ప్రాణం పెట్టి అంతెత్తున వేలాడే మనిషికి దాని దగ్గర అబద్ధం పనికిరాదు. ఆడితే తాడు తెగుతుందని వాళ్ళ నమ్మకం. ఆ చుట్టుపక్కల పొలం తగవుల్లో కూడా సాక్ష్యానికి మోకు తెమ్మనేవారు.

ఆ రాత్రి ఆవిడ వాము ఆవిరి పట్టుకుంది. కారం, పులుపు మానేసి మజ్జిగన్నం తింది.  ముక్కు దిబ్బడేసిన మనిషి ఏం వాసన చూస్తుంది, ఏం రుచి చెబుతుంది? వాయిదా అడుగుదామన్నాను. "ఒంట్లో బాగాలేదని పరీక్ష వాయిదా వేసిన పిల్లల్ని నేను ఎప్పుడూ నమ్మలేదండీ," అంది.

తెల్లారేసరికి గట్టు మీద ఊరు ఊరంతా ఉంది. మేత బస్తా పరిచి దాని మీద అయిదు కుండలు పెట్టారు. ఒక్కోదానిలో కాస్త కాస్తే ఉంది. "చలికి తక్కువ దిగిందండి," అన్నాడు సత్తియ్య, ఎవరూ అడక్కుండానే. పాపం వణుకుతున్నాడు.

టీచరమ్మ గారు కుండలన్నీ వరసగా చెవి దగ్గర పెట్టుకుని వింది. జనంలో ఎవరో, "ఫోనేమో," అన్నారు. నవ్వులు. మొదటి కుండలోది దొప్పలో పోసి ఎండకి పట్టింది, పుక్కిలించి ఊసింది. రెండోది. మూడోది పుక్కిట పట్టాక మళ్ళీ మొదటి దాని దగ్గరికి వచ్చింది. నుదురు ముడిపడింది. కొంగుతో ముక్కు చీదుకుని, వేడినీళ్ళు అడిగి నోరు కడుక్కుని, మళ్ళీ మొదటినుంచీ. నాలుగోది, అయిదోది, మళ్ళీ రెండోది. ఇంతసేపు తడుముకోవడం నేనెన్నడూ చూడలేదు. రొంప దెబ్బ కొట్టిందని నాకు అర్థమైపోయింది. చెట్టు పోయిందనుకున్నాను. ఆసామి మొహంలో కూడా సరదా పోయి జాలి కనిపించింది.

"ఏదో ఒకటి చూపించండి, టీచరు గారూ. ఫరవాలేదండీ," అన్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. "ఏదో ఒకటి చూపించడానికి వీల్లేదండీ. అయిదూ మా చెట్టువే."

 గట్టంతా గొల్లుమంది. "ముసలావిడకి తేడా తెలీక అన్నీ నావేనంటోంది" అని ఎవరో అన్నారు. ఆసామి మొహం తిప్పుకుని, "అయిపోయిందండీ, పదండి," అన్నాడు.

"సత్తియ్యకి మోకు ఇవ్వండి," అంది ఆవిడ.

మోకు తెచ్చి చేతిలో పెట్టారు. సత్తియ్య దాన్ని పట్టుకున్నాడు. తల ఎత్తలేదు.

"చెప్పరా," అంది.

"ఆయ్. అయిదూ ఆ సెట్టుయ్యేనండి," అన్నాడు. అని ఏడ్చేశాడు. "అమ్మగారు తుమ్ముతున్నారండి. రొంపతో నాలిక తప్పుద్దేమోనని భయమేసిందండి. మోకట్టుకుని అబద్ధం చెప్పలేనండి. అందుకే అన్నిట్లోనూ అదే పోశానండి. ఏ కుండ మీద చెయ్యేసినా నిజమే అవుద్దని."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆసామికి కోపం వచ్చింది. రావాల్సిందే మరి. "మోసం కదండీ ఇది? పందెం చెల్లదు," అన్నాడు.

"మోసమేనండీ," అంది ఆవిడ. "వాడు చేసింది మోసమే. నాకు తెలిసే చెప్పాను."

ఆసామి కుండల వంక చూశాడు. ఆవిడ వంక చూశాడు. ఆయనకి అప్పుడు వెలిగింది. మెల్లగా అన్నాడు, "ఏ ఒక్క కుండ చూపించినా మీరు గెలిచేవారు కదండీ."

"గెలిచేదాన్నండీ. కానీ మిగతా నాలుగూ మా చెట్టువి కావని చెప్పినట్టయ్యేది. అది తప్పు జవాబు."

నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఇప్పుడు రాస్తుంటే కూడా అవుతోంది. అంత రొంపలో, అంతమంది నవ్వుతుంటే, చేతికందిన గెలుపు పక్కకి నెట్టి సరైన జవాబే చెప్పింది. అసలు ఆవిడ అంతసేపు తడుముకున్నది రుచి తెలియక కాదు. తెలిసింది నమ్మలేక.

ఆసామి చేతులు జోడించాడు. "కల్లు కల్లే అన్నమాట వెనక్కి తీసుకుంటున్నానండీ. చెట్టు మీదే. గొడ్డలి పడదు."

"చెట్టు కాదండీ, చెట్లు," అంది టీచరమ్మ గారు.

"అదేమిటండీ?"

"కుండ చూపిస్తే చెట్టు మీదే అన్నారు కదండీ నిన్న, ఇక్కడే నిలబడి. ఎన్ని కుండలు చూపించానండీ?"

 వెనకనుంచి ఎవరో ముసలాయన, "అన్నావయ్యా, నేనిన్నాను," అన్నాడు. ఇంకెవరో ఈల వేశారు. గట్టంతా నవ్వులే, ఈసారి ఆవిడ పక్షాన. ఆసామి తల గోక్కుని, తనూ నవ్వేసి, "సరేనండీ, అయిదు తాళ్ళు ఉంచేస్తాను. మీతో పందెం కట్టడం నాదే బుద్ధి తక్కువ. ఏ అయిదో మీరే చెప్పండి," అన్నాడు.

ఆవిడ సత్తియ్య వైపు తిరిగింది. "నా చెట్టు కాక మిగతా నాలుగూ నువ్వు చెప్పు. నీకు బాగా దిగేవి చూసుకో."

సత్తియ్య చెట్ల వంక చేయి చూపించాడు. చూపించిన చెట్టుకల్లా ఆసామి మనిషి వెళ్ళి సున్నం బొట్టు పెట్టి వచ్చాడు. అయిదో బొట్టు పెట్టేసరికి జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అరిచాను కూడా.

అదంతా అయ్యాక టీచరమ్మ గారు గొడుగు నా చేతికిచ్చి సత్తియ్య ముందుకెళ్ళి నిలబడింది.

"నీ తప్పు వల్ల నాలుగు చెట్లు ఎక్కువొచ్చాయిరా. అయినా తప్పు తప్పే. నా నాలిక మీద నమ్మకం లేకపోయిందా నీకు?"

"లేక కాదండి, అమ్మగారండి..."

"చెవి ఇటు పట్టు," అంది.

ఊరంతా చూస్తోంది. సత్తియ్య కొడుకూ కోడలూ చూస్తున్నారు. ఆవిడ చెయ్యి ఎత్తింది గానీ అతని చెవి అందలేదు. సత్తియ్య కళ్ళ నిండా నీళ్ళతో నవ్వుతూ, భుజాన మోకుతో సహా, నడుం వంచి తల ఆవిడ చేతి కిందికి దించాడు.